సిద్దెలో నూనె

మార్చి 5, 2025, ఒంగోలు
ఇవ్వాళ బూడిద బుధవారం. మా బాప్టిస్టు సంఘంలో నుదుటిన బూడిద రాయరు. శ్రమదినాల కూడికలు మాత్రం ఇవ్వాళే మొదలయ్యాయి, సాయంత్రానికో ఇంట్లో. పాస్టరుగారు మత్తయి 25 తీసుకున్నారు. పదిమంది కన్యకల ఉపమానం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఈసారి మాత్రం ఒక సంగతి పట్టుకుంది: పెండ్లికుమారుడు ఆలస్యం చేస్తే పదిమందీ కునికారు. బుద్ధిగలవాళ్లూ నిద్రపోయారు! అంటే తప్పు నిద్రది కాదు. నిద్రకు ముందే నూనె తెచ్చుకున్నారా లేదా అన్నదే. అర్ధరాత్రి కేక వినపడ్డాక పక్కవాళ్లని అడిగినా అది దొరకలేదు.

మార్చి 19
"రిటైరయ్యాక దేవుడి సంగతి చూసుకుంటా" అన్నాడు మా ఆఫీసులో ఒకాయన. మనసులో బాధనిపించింది.

మార్చి 30
ధాత కరువు గురించి మళ్లీ చదివాను. 1876 నుంచి 78 దాకా ఈ ప్రాంతమంతా ఆకలితో అల్లాడింది. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. మనుషులు బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. కరువు పని నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చినవాడెవడో, క్రీస్తు కోసం వచ్చినవాడెవడో తేలాలి కదా. అంకెల కోసం ఆశపడే మిషనరీ అయితే ఆ పని చేయడు. కూలి ఆగిపోయింది, ఇక దొర చేతిలో ఇచ్చేదేమీ లేదు. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలిసిపోతే ఇంకో ఇద్దరికి చోటిచ్చారు. ఆ రేవులో దిగినవాళ్లలో మా ముత్తవ్వ తల్లిదండ్రులూ ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. ఊళ్లో అప్పటిదాకా గుడి మెట్టు తొక్కనివ్వని మాదిగ కుటుంబం. వాళ్లు నమ్మింది వాళ్లు నమ్మారు. నేను వాళ్ల మనవరాలినన్న మాట పరలోకపు వాకిట్లో చెల్లదు.

ఏప్రిల్ 6
ప్రభు సంస్కారం. రొట్టె తీసుకునే ముందు ఎవరిని వారు పరీక్షించుకోమని పాస్టరుగారు ఆగారు. ద్రాక్షరసం ట్రే మగవాళ్ల వరుసలోకి వచ్చింది. ఒక పెద్దాయన చిన్న గ్లాసు చేతిలోకి తీసుకుని, మళ్లీ ట్రేలో పెట్టేసి లేచాడు. కర్ర ఆనించుకుంటూ నాలుగు బెంచీలు దాటి తమ్ముడి దగ్గరికి వెళ్లాడు. గెట్టు తగాదా, ఊరందరికీ తెలిసిందే. "ఒరే, నన్ను క్షమించరా" అన్నాడు. తమ్ముడు లేచి, "కూచో అన్నయ్యా" అని తన పక్కనే చోటిచ్చాడు. ట్రే పట్టుకున్న డీకన్ అక్కడే నిలబడిపోయాడు. మళ్లీ వాళ్లిద్దరికీ ఒకేసారి అందించాడు. నిత్యత్వానికి సిద్ధపడడమంటే ఏమిటో వంద ప్రసంగాల్లో నాకు ఇంత స్పష్టంగా తెలియలేదు.

ఏప్రిల్ 19
సమాధుల తోటలో సున్నాలు వేస్తున్నారు, రేపు ఈస్టరు తెల్లవారుజామున ఆరాధన ఇక్కడే. ఒక రాతి మీద భార్య పేరు పక్కన భర్త పేరు కూడా చెక్కించి ఉంది. పుట్టిన తేదీ ఉంది, రెండో తేదీ ఖాళీ. ఆయనే బక్కెట్టు పట్టుకుని ఆ రాయి కడుగుతున్నాడు. "భయం వేయదా తాతా?" అని అడిగాను. "నా అప్పు యేసయ్య తీర్చాడమ్మా, భయం దేనికి?" అన్నాడు.

ఏప్రిల్ 21
పోప్ ఫ్రాన్సిస్ పోయారు, 88 ఏళ్లు. నిన్న ఈస్టరు రోజున కూడా జనం ముందుకొచ్చి దీవించారు. మేం కాథలిక్కులం కాము, అయినా మనసు బరువెక్కింది.

ఏప్రిల్ 26
పోప్ భూస్థాపన ఇవ్వాళ. 2022లోనే వీలునామా రాసి పెట్టారట: నేలలోనే సమాధి, ఆర్భాటం వద్దు, పేరొక్కటే చాలు, ఫ్రాన్సిస్కుస్ అని.

వచ్చే ఆదివారం బాప్తిస్మాలున్నాయి. మా చిన్నాడు పేరివ్వలేదు. "వాడి ఈడు పిల్లలందరూ ఇచ్చారు, నువ్వన్నా చెప్పు" అని మా అత్తయ్య రెండుసార్లు అంది. రాత్రి భోజనాల దగ్గర వాడే ఆ మాట ఎత్తాడు.

"నేనింకా తేల్చుకోలేదమ్మా. అందరూ ఇస్తున్నారని ఇవ్వాలా?"

"వద్దు నాన్నా. నమ్మితేనే ఇవ్వు. కానీ ఊరికే వాయిదా వేయకు. ఏం తేలలేదో చెప్పు, కూర్చుని చదువుదాం."

రేపటి నుంచి పొద్దున్నే యోహాను సువార్త, మొదటి అధ్యాయం నుంచి.