నా పేరుతో ఒక పేజీ

మా ఇంటి కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ అంటే ఇన్నాళ్లూ చీటీ లెక్కలు రాసుకునే చోటు. నెల రోజులుగా మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక అందులోనే నా హోమ్‌పేజీ తయారు చేసుకుంటున్నానండీ. కొత్తగా కొన్నదేమీ లేదు. రాసినదాన్ని ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే పేరుతో సేవ్ చేసి, దానిమీద రెండుసార్లు నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. నెట్ లేకపోయినా సరే.

ట్యాగులు చూసి కంగారు పడకండి. ఇది శీర్షిక, ఇది పేరా అని చెప్పడమే హెచ్‌టీఎంఎల్ పని. డబ్బాలో డబ్బా పెట్టినప్పుడు లోపలిదాని మూత ముందు పెడతామా, ఇక్కడా అంతే. రంగులు, అక్షరాల సైజు, ఖాళీలు సీఎస్ఎస్ చూసుకుంటుంది. 1991లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చేనాటికి సీఎస్ఎస్ లేదు. అది ప్రమాణంగా వచ్చింది 1996లో. ఇల్లు కట్టి, ముగ్గేయడానికి ఐదేళ్లు ఆగారన్నమాట!

తెలుగుకి మాత్రం కొన్ని ముచ్చట్లు వేరే ఉన్నాయి. పేజీ మొదట్లోనే చార్‌సెట్ యూటీఎఫ్-8 అని రాయాలి, లేకపోతే మన అక్షరాలు పిచ్చిగీతల్లా రావచ్చు. లైన్-హైట్ కూడా ఇంగ్లీషు పాఠాల్లో చెప్పినంత చాలదు. మనకి కింద వత్తులు, పైన గుడులు. పై వరుసలోని వత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. 1.8 పెట్టాక నా పేజీకి ఊపిరాడింది. ఇటాలిక్ జోలికి వెళ్లకండి, గుండ్రటి అక్షరాలు పక్కకి ఒరిగితే ఏం బాగుంటాయి? ఒంటికి మండలి ఫాంటు, శీర్షికకి రామభద్ర పెట్టుకున్నాను.

ఇవన్నీ వారంలో వచ్చేశాయి. "నా గురించి" అన్న పేరా దగ్గరే ఆగిపోయాను. మావారి ఉద్యోగం, పిల్లల చదువులు రాశాను. మా అమ్మాయి చూసి, "అమ్మా, ఇందులో నువ్వెక్కడ?" అంది. తుడిపేసి మూడు రోజులు ఖాళీగా ఉంచాను. ఇరవై ఏళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న మరి. ఇంటిపేరు పుట్టింటిది పెట్టాలా, అత్తింటిదా? రెండూ వద్దనుకుని ఉత్త పేరే పెట్టాను. దాని కింద, డిగ్రీలో ఛందస్సంటే ప్రాణమని, ఇప్పటికీ బియ్యం ఏరుతూ గణాలు విడగొట్టగలనని రాశాను. అది నిజంగా నేనే.

ఫోన్‌లో చిన్నగా కనబడకుండా వ్యూపోర్ట్ అనే ఒక్క లైను చేర్చి అత్తయ్యకి చూపించాను. కళ్లజోడు సవరించుకుని నా పేరు పైకే చదివారు. ఈ ఇంట్లో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కాసేపాగి, "నాకూ ఒకటి చేసిపెడతావా? పేరు పెద్దక్షరాల్లో ఉండాలి" అన్నారు.

నిన్ననే మొదలుపెట్టాను. ఆవిడకి చిలకాకుపచ్చ రంగు కావాలట. తెల్ల కాగితం మీద ఆ రంగు అక్షరాలు ఆనవు అత్తయ్యా అంటే వినడం లేదు. వెనక గోడకి ఆకుపచ్చ వేసి, పేరు నల్లగా పెట్టి చూపించాలి.