ఊరు కదలలేదు

ఒంగోలు తాలూకాలోని ఒక పల్లెను ఊహించుకొందాం. ఆ ఊరి కుటుంబమొకదానిలో 1890 ప్రాంతపు దస్తావేజు భద్రంగా ఉంది. అందులో ముత్తాత పేరు పక్కన ‘నెల్లూరు జిల్లా’ అని ఉంటుంది. తాతగారి శుభలేఖలో ‘గుంటూరు జిల్లా’. తండ్రి ఉద్యోగ పత్రాలలో ‘ప్రకాశం జిల్లా’. ఈ మూడింటినీ చూచిన యువకుడు, తన పూర్వులు పొట్ట చేతబట్టుకొని మూడు జిల్లాలు తిరిగారని కథ అల్లుకొంటాడు. నిజానికి వారెవరూ ఊరి పొలిమేర దాటలేదు. కదిలినవి జిల్లా సరిహద్దులు.

1904లో కృష్ణా, నెల్లూరు జిల్లాల భాగాలతో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అందులో చేరింది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని ప్రాంతాలను విడదీసి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆయన ప్రకాశం జిల్లాలో పుట్టారని వ్రాయడం వాడుకే గాని, ఆయన పుట్టిన 1872 నాటికి అటువంటి జిల్లాయే లేదు!

సాహిత్య విద్యార్థులకూ ఈ చిక్కు తప్పదు. ప్రబంధపరమేశ్వరుడు ఎఱ్ఱన గుడ్లూరు వాడని పండితుల మాట. ఆ గుడ్లూరు 1970కి ముందు నెల్లూరు జిల్లాలోనిది. ఆపై ప్రకాశం జిల్లాలోనిది. 2022లో తిరిగి నెల్లూరుకు చేరింది. ఆ తరువాత కూడా జిల్లాల మార్పులు ఆగలేదు. రెండు గ్రంథాలు రెండు జిల్లాలు చెప్పినంత మాత్రాన వాటిలో ఒకటి తప్పని తీర్మానించరాదు. ఏ గ్రంథం ఏ సంవత్సరంలో వెలువడిందో ముందుగా చూడాలి.

1985లో మండలాలు రావడంతో తాలూకా అనే మెట్టు కూడా తొలగిపోయింది. కనుక వంశచరిత్ర వెదికేవారు పత్రం పుట్టిన సంవత్సరాన్ని, ఆనాటి జిల్లా, తాలూకాలను తెలుసుకోవాలి. కొత్త జిల్లా కార్యాలయంలో దొరకని కాగితం మాతృజిల్లా పాత కట్టలలో ఉండవచ్చు. అక్కడ వెదకక, తాతల పేర్లే లేవని నిరాశతో వెనుదిరిగితే ఒక తరం జ్ఞాపకమే తెగిపోతుంది.

ఊరి పేరు చాలవరకు నిలుస్తుంది. అయితే ఒకే పేరుగల ఊళ్లు పలుచోట్ల ఉంటాయి. అప్పుడు అక్కరకు వచ్చేది దస్తావేజులోని చెక్కుబందీ. తూర్పున చెరువు, పడమర డొంక, ఉత్తరాన ఫలానావారి చేను, దక్షిణాన వాగు. ఆ యువకుడు దస్తావేజు చేతపట్టుకొని ఊరి పెద్దనొకరిని వెంటబెట్టుకొని వెళితే, ముత్తాత దున్నిన చేను గట్టు మీద నిలబడగలడు.