చెరసాలలో కుళాయి

నేను ప్లంబర్ని. ముప్పై ఏళ్ళుగా కుళాయిలు, పైపులు, లెట్రిన్ బేసిన్లు బిగించడమే నా పని. మా సంఘములో ఎవరింట మోటారు ఆగినా, మందిరములో బాప్తిస్మపు తొట్టి కారినా నాకే కబురొస్తుంది. వ్రాసే అలవాటు లేదు. మా అయ్యగారు మూడుసార్లు అడిగిన మీదట ఈ సంగతి వ్రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రిందట ఒక జైలులో పాత బారక్‌ల మరుగుదొడ్లు బాగుచేసే పని నాకు దొరికింది. బారక్ అంటే ఖైదీలు వరుసగా పడుకొనే పొడుగాటి గది. చివర రెండు దొడ్లు, ఒక నీళ్ళ తొట్టి. సాయంత్రం తాళం పడితే తెల్లవారేవరకు అందరికీ అవే గతి. పాత పైపులు తుప్పుపట్టి రాలిపోతున్నాయి. నేను మందపాటి జీఐ పైపు తెచ్చి, గోడ పగలగొట్టే పని లేకుండా గోడమీదుగానే నడిపించి, జానెడు జానెడుకీ క్లాంపులు వేసి, మంచి ఇత్తడి కుళాయిలు బిగించాను. "ఏనుగు పట్టుకొని ఊగినా ఊడదురా" అని నా హెల్పరుతో గొప్పగా అన్నాను కూడా.

ఎనిమిది నెలల తరువాత జైలు నుండి ఫోను వచ్చింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీ, రాత్రివేళ దొడ్లోకి వెళ్ళి ఆ పైపు ఆధారంగానే ప్రాణం తీసుకోబోయాడట. నిద్రపట్టక కూర్చున్న ఒక ముసలి ఖైదీకి అనుమానం వచ్చి లేచి వెళ్ళి పట్టుకున్నాడు గనుక బ్రతికాడు. వెళ్ళి అధికారి ముందు నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "గట్టిగానే బిగించావయ్యా" అన్నారు, అంతే.

ఇంకొక సంగతి ఆ ఆదివారం తెలిసింది. ప్రార్థన మనవుల వేళ పక్క ఊరి నుండి మా మందిరానికి వచ్చే ఒక తల్లి లేచి, జైలులో ఉన్న తన కొడుకు కోసం ప్రార్థించమని కన్నీళ్ళతో అడిగింది. ఊరు, వయసు అన్నీ సరిపోయాయి. అందరితో పాటు నేనూ మోకరించాను గాని ఒక్క మాట కూడా నోట రాలేదు. ఆ పైపు నేను వేసిందేనని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అయ్యగారికి మాత్రం చెప్పాను. "నువ్వు కావాలని చేసింది కాదులే" అంటారనుకున్నాను. ఆయన ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనం తీసి చదవమన్నారు. కొత్తగా ఇల్లు కట్టుకొనేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుంది అన్న ఆజ్ఞ అది. ఎన్నోసార్లు చదివిందే. ఇది నా పనివాళ్ళకి ఇచ్చిన ఆజ్ఞ అని ఎన్నడూ తోచలేదు.

అమెరికాలో మా అక్క కొడుకు ఇంజనీరు. జైళ్ళకు నీళ్ళ సామాను డిజైను చేసే కంపెనీలో పని. ఇంతకుముందు వాడు ఆ మాట చెబితే, "దొడ్లు గీయడానికి అంత చదువెందుకురా" అని నవ్వేవాణ్ణి. ఇప్పుడు నేనే ఫోను చేశాను. "మామయ్యా, మామూలు ఇంటికి గీసేటప్పుడు వాడుకొనేవాళ్ళ సౌఖ్యం చూస్తాం. జైలుకి గీసేటప్పుడు ఒక మనిషి తన జీవితంలోకెల్లా చెడ్డ రాత్రి ఆ గదిలో ఒంటరిగా ఉన్నాడనుకొని గీస్తాం" అన్నాడు. నేను కాసేపు మాట్లాడలేదు.

వాడు చెప్పినవి వింటే నా ముప్పై ఏళ్ళ పని తలక్రిందులైనట్లనిపించింది. అక్కడ పింగాణీ బేసిన్ వాడరట. పగిలితే ఆ పెంకు కత్తి అవుతుంది, తనమీదికైనా ఎదుటివాడిమీదికైనా. అందుకని 14 గేజి, అంటే సుమారు రెండు మిల్లీమీటర్ల మందం గల స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో కమోడూ, చేతులు కడుక్కొనే బేసినూ కలిపి ఒకే ముక్కగా చేస్తారు. అంచులన్నీ గుండ్రం, పైభాగాలు ఏటవాలు. ఏదీ చుట్టడానికి, తగిలించడానికి వీలుండదు. బోల్టులన్నీ గోడ అవతలి సన్నటి దారిలో ఉంటాయి. ప్లంబరు ఖైదీ గదిలో అడుగుపెట్టకుండానే రిపేరు చేసి పోతాడు. తిప్పే కుళాయి ఉండదు, నొక్కే బటనే. కొందరు గుడ్డలు కుక్కి పదేపదే ఫ్లష్ నొక్కి వరండా అంతా వరద చేస్తారు గనుక, కొద్ది నిమిషాలలో రెండుమూడుసార్లకు మించి నొక్కితే కాసేపు పనిచేయకుండా ఆగిపోయే ఏర్పాటు కూడా ఉందట.

ఇది పరదేశపు సంగతి మాత్రమే కాదు. మన సుప్రీంకోర్టు 2018లో జస్టిస్ అమితవ రాయ్ గారి అధ్యక్షతన జైళ్ళ సంస్కరణ కమిటీని వేసింది. 2017 నుండి 2021 వరకు మన దేశపు జైళ్ళలో జరిగిన 817 అసహజ మరణాలలో 660 ఆత్మహత్యలేనని ఆ కమిటీ లెక్క చూపింది. గదులలో ప్రాణహానికి ఆధారమయ్యే వస్తువులను గుర్తించి, బరువు పడితే ఒరిగిపోయేవాటిని వాటి స్థానంలో పెట్టాలని కూడా చెప్పింది. నేను "ఊడదు" అని గొప్ప చెప్పుకొన్న చోట, ఊడిపోవడమే మంచి పనితనం!

జైలు నీళ్ళ సంగతి పట్టించుకొన్న భక్తులు పూర్వం కూడా లేకపోలేదు. జాన్ హోవార్డ్ గారు 1773లో ఇంగ్లాండులోని బెడ్‌ఫర్డ్ ప్రాంతానికి షెరీఫ్ అయి, ఊరూరా జైళ్ళు తిరిగి చూచి, ఉరికంబమెక్కిన వారికంటే జైలు జ్వరంతో చనిపోయినవారే ఎక్కువని చాటారు. మరుసటి సంవత్సరమే గోడలకు సున్నం వేయాలని, గదులు శుభ్రంగా ఉంచాలని, స్నానపు తొట్లు పెట్టాలని పార్లమెంటు చట్టం చేసింది. ఆయన 1790లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖెర్సోన్‌లో, జ్వరంతోనే ప్రభువునందు నిద్రించారు.

అయితే మేనల్లుడు చెప్పినదంతా నాకు నచ్చలేదు. కమోడు మీదనే ముఖం కడుక్కొనే బేసినా? అక్కడి నీళ్ళే తాగడమా? మనవాళ్ళకు అది శిక్ష మీద మరో శిక్ష. మనకు కూర్చొనే బేసిన్ కావాలి, చేతికందే ఎత్తున కుళాయి కావాలి, చెంబు కావాలి. యిర్మీయా ప్రవక్తను బురద గోతిలో నుండి పైకి లాగేటప్పుడు ఎబెద్మెలెకు ఉత్త తాళ్ళు వేయలేదు. చంకల క్రింద పెట్టుకోమని పాత గుడ్డలు కూడా దింపాడు. ప్రాణం దక్కితే చాలు, ఒళ్ళు కోసుకుపోతేనేం అనుకోలేదు ఆయన.

అధికారిని బ్రతిమాలితే నాలుగు దొడ్లకు అనుమతి వచ్చింది. కాంట్రాక్టరు గొణిగాడు. నా కూలి వద్దన్నాక ఊరుకున్నాడు. ఆ పాత కట్టడంలో గోడ వెనుక దారి ఎక్కడిది? అందుకని బయటి గోడకు కన్నాలు వేసి, వాల్వులన్నీ అవతల తాళమున్న ఇనుప పెట్టెలో పెట్టాను. పైపంతా గోడలోకి పోయింది. ఫ్లష్ టాంకీ తీసేసి గోడలో బటన్ ఒక్కటే మిగిల్చాను. కుళాయి నేలకు అడుగు ఎత్తున, రెండంగుళాలకు మించి బయటికి రాకుండా, పైభాగం ఏటవాలుగా పెట్టాను. బేసిన్ స్టీలుది, మన తరహాది. నీళ్ళుపోయే జాలీకి మామూలు స్క్రూడ్రైవరు పట్టని మరలు వేశాను. తలుపు సగం ఎత్తే, పైఅంచు వాలుగా. వార్డరుకు తలా పాదాలూ కనబడాలి, మధ్యభాగం కనబడకూడదు. చివరికి నేనూ హెల్పరూ ప్రతిదానిమీదా తడి తువ్వాలు వేసి చూశాం. ఆగినచోటల్లా మళ్ళీ పని. తలుపు బందుల దగ్గర మూడుసార్లు ఆగింది.

అంతా అయిందనుకొని సామాను సర్దుతుంటే ఆ ముసలాయన వచ్చాడు, కుర్రాణ్ణి పట్టుకొన్న ఆయనే. వేళ్ళు వంకర్లు తిరిగి ఉన్నాయి. బటన్ నొక్కి చూపించి, "బాబూ, కుర్రాడి కోసం చేశావు, బాగుంది. నాబోటివాడు నొక్కగలడా ఇది? నొక్కినా చెంబు సగం నిండకుండానే ఆగిపోతోంది" అన్నాడు. నిజమే. నేను ఆ ఒక్క రాత్రినే తలంచాను గాని మిగిలిన పగళ్ళను తలంచలేదు. రాత్రి పడుకొనే బారక్‌లో పదిమందికి ఒక దొడ్డి ఉండాలని 2016 నాటి మాదిరి జైలు మాన్యువల్ చెబుతోంది. తెల్లవారుజామున అంతమంది వరుసలో నిలబడితే కుళాయి దగ్గర ప్రతి క్షణమూ లెక్కే. లోపలి స్ప్రింగు మెత్తటిది మార్చి, చెంబు నిండేదాకా నీళ్ళు వచ్చేలా సరిచేయడానికి మరో రెండు రోజులు పట్టింది. ముసలాయన ప్రక్కనే కూర్చొని, ప్రతిసారి నొక్కి, "ఇంకొంచెం" అంటూ వచ్చాడు.

ఆ కుర్రాడు ఎందుకంత దిగులుపడ్డాడని అడిగాను. మూడు నెలలుగా ఎవరూ చూడటానికి రాలేదట. తల్లికి ఛార్జీలకు డబ్బుల్లేక రాలేదు, కొడుకేమో తనను వదిలేసిందనుకున్నాడు. అది పైపులతో బాగయ్యే పని కాదు. అప్పటినుండి మా సంఘపు పెద్దలు నెలకోసారి ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళి చూపించి వచ్చేవారు. నేనొక్కసారే వెళ్ళాను, అదీ ఆమెతో నిజం చెప్పిన తరువాత. బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుని అంతా విని, చాలాసేపటికి, "కొత్తవి కూడా నువ్వే పెట్టావా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది. ఔనన్నాను. కొంగుతో ముఖం తుడుచుకొని మళ్ళీ కిటికీలోనుండి చూస్తూ కూర్చుంది.

కుర్రాడు తరువాత బెయిలు మీద బయటికి వచ్చాడు. మొన్న వేసవిలో వాళ్ళింట్లో వీధి కుళాయి కారుతోందంటే వెళ్ళాను. వాడు నా ప్రక్కన గొంతుక్కూర్చొని పానా అందించాడు. వాషరు మార్చి బిగిస్తుంటే ఆ కుళాయికేసే చూస్తూ, "మావయ్యా, అక్కడి బటన్ మెత్తగా అయింది, తాతకోసం నువ్వే మార్చావంటగా?" అన్నాడు.

ఔనురా అన్నాను. "ఇప్పుడు తిప్పి చూడు, కారుతుందేమో" అన్నాను. తిప్పి చూశాడు. కారలేదు.