ఐదో దిశను కొలిచి చూశారు

అదనపు డైమెన్షన్లనూ సమాంతర విశ్వాలనూ ఒకే గాటన కట్టేస్తే నాకు బాధగా ఉంటుంది.

మొదటిది సినిమావాళ్లు పుట్టించింది కాదు. ఐన్‌స్టైన్ గురుత్వ సమీకరణాలకు ఐదో దిశ ఒకటి చేర్చి రాస్తే అందులోంచి విద్యుదయస్కాంత సమీకరణాలూ బయటికొస్తాయని 1921లో గణితవేత్త కలూజా చూపించాడు. మరి ఆ దిశ కనబడదేం? చిన్న చుట్టగా ముడుచుకుని ఉండొచ్చని 1926లో భౌతిక శాస్త్రవేత్త క్లైన్ అన్నాడు. దూరానికి గీతలా కనిపించే తీగ చుట్టూ చీమ తిరగగలిగినట్టు.

1998లో భౌతిక శాస్త్రవేత్తలు అర్కానీ-హమీద్, డిమోపౌలోస్, ద్వాలీ ఆ చుట్ట మిల్లీమీటరు దాకా ఉండొచ్చన్నారు. అదే నిజమైతే అంత దగ్గర దూరాల్లో న్యూటన్ విలోమ వర్గ నియమం (దూరం రెట్టింపైతే గురుత్వ బలం నాలుగో వంతవుతుందనేది) తప్పాలి. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు సన్నని తీగ మెలికతో అతి చిన్న బలాలను కొలిచే టార్షన్ బ్యాలెన్స్‌తో ఏళ్ల తరబడి కొలిచారు. 2020లో ప్రకటించిన ఫలితం ప్రకారం 52 మైక్రాన్ల దాకా, అంటే మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు దాకా, న్యూటన్ మాటే నిలిచింది. అదనపు దిశలు లేవని కాదు, ఉంటే ఇంకా చిన్నవై ఉండాలని. ఓడిపోవడానికి సిద్ధపడి వచ్చే ఇలాంటి ఊహంటే నాకెంతో గౌరవం.

సమాంతర విశ్వాల సంగతి వేరు. 1957లో భౌతిక శాస్త్రవేత్త ఎవరెట్ చెప్పిన ఈ ఆలోచన క్వాంటం గణితంలోంచే వచ్చింది కాబట్టి కొట్టిపారేయను. దాన్ని పరీక్షకు నిలబెట్టే ప్రయోగం వచ్చేదాకా మాత్రం తత్వశాస్త్రంగానే చదువుకుంటాను.