విజేత ఏడ్చిన రాత్రి

కొడుకు శవాన్ని పడుకోబెట్టి నెమ్మదిగా గుడ్డ కప్పుతాడు ఫరో. కాస్త దూరంలో నిలబడి ఉన్నది అతడితో కలిసి పెరిగిన తమ్ముడే. ఓదార్చబోతే ఫరో ఒప్పుకోడు. నీ జనాన్ని తీసుకుని వెళ్లిపొమ్మంటాడు. మోషే గెలిచాడు. తరతరాల బానిసత్వం ఆ ఒక్క మాటతో ముగిసింది. కానీ బయటికొచ్చిన ఆ విజేత కుప్పకూలి వెక్కివెక్కి ఏడుస్తాడు.

డ్రీమ్‌వర్క్స్ సంస్థ 1998 డిసెంబర్‌లో విడుదల చేసిన 'ద ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్'లోని దృశ్యమిది. ఇంటిల్లిపాదీ చూసేందుకు తీసిన యానిమేషన్ సినిమాలో ఇంత బరువైన సన్నివేశం అరుదు. అంతకన్నా విశేషం మరొకటుంది. బైబిల్‌లోని నిర్గమకాండంలో ఈ కన్నీళ్లు లేవు.

మూలకథ విషయంలో స్వేచ్ఛ తీసుకున్నామని సినిమా మొదట్లోనే చెప్పేస్తుంది. నిర్మాణ సమయంలో క్రైస్తవ, యూదు, ముస్లిం మతపెద్దలు, పండితులు వందలమందిని సంప్రదించారు. అయినా ప్రవక్తను తెరమీద చూపడాన్ని అంగీకరించని మాల్దీవులు, మలేసియా ఈ చిత్రాన్ని నిషేధించాయి. బైబిల్‌ను వాక్యం వాక్యం చదివే క్రైస్తవులకూ అభ్యంతరాలు దొరక్కపోవు. నదిలో దొరికిన పసివాణ్ని పెంచింది ఫరో కూతురని గ్రంథం చెబుతుంది. సినిమాలో రాణి పెంచుతుంది. అటూ ఇటూ చూసి ఐగుప్తీయుణ్ని చంపి ఇసుకలో పాతిపెట్టిన మోషే, ఇక్కడ పొరపాటున ఒకణ్ని కిందికి తోసేస్తాడు. ఫరో హృదయాన్ని దేవుడే కఠినపరిచాడన్న మాట నిర్గమకాండంలో పదేపదే వస్తుంది. సినిమాలో రామ్సెస్ తన మనసును తానే రాయి చేసుకుంటాడు.

ఇక మోషే, ఫరో అన్నదమ్ముల్లా పెరిగారన్నది పూర్తిగా కల్పనే. నిర్గమకాండం ఆ ఫరో పేరైనా చెప్పదు. కానీ సినిమాకు ప్రాణం ఆ కల్పనే. రథాల పందెంలో కలిసి అల్లరి చేసిన ఇద్దరిలో ఒకడు ప్రభువు, మరొకడు విమోచకుడు అయినప్పుడు శత్రువుకు ఒక ముఖం వస్తుంది. ముఖం ఉన్నవాణ్ని ద్వేషించడం అంత సులభం కాదు.

పదో తెగులు రాత్రి, నీళ్ల కుండతో ఇంట్లోకి వెళ్లిన ఓ పిల్లాడు మళ్లీ బయటికి రాడు. గడప మీద వాలిపోయిన చెయ్యి మాత్రం కనిపిస్తుంది. ఆ క్షణంలో తండ్రి పక్కన కూర్చుని చూస్తున్న ఏ పసివాడైనా అడిగే ప్రశ్న ఒక్కటే. ఆ అబ్బాయి ఏం తప్పు చేశాడు? సండే స్కూల్లో పది తెగుళ్లను వరసగా అప్పజెప్పించే పద్ధతిలో ఈ ప్రశ్నకు చోటుండదు. కప్పలు, మిడతలు, చీకటి తర్వాత జ్యేష్ఠ సంతానం కూడా జాబితాలో ఒక అంకె అయిపోతుంది.

అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. విడుదల కథ అందరికీ ఒకేలా వినపడదు. అమెరికాలో నల్లజాతి బానిసలు మోషే పేరుతో పాటలు కట్టుకున్నారు. తెలుగునాట క్రైస్తవాన్ని స్వీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగలే. వెట్టిని, వెలివేతను అనుభవించిన వారికి ఎర్ర సముద్రం చీలడం ఒక ఆశ. కొరడా దెబ్బలు తిన్నవాళ్లను కొట్టినవాడి కోసం ఏడవమనడం సుఖంగా ఉన్నవాళ్లు ఇచ్చే సలహాలా ఉంటుంది.

సినిమా ఈ చిక్కును గుర్తించినట్టే ఉంది. అది బానిసల ఆనందాన్ని తగ్గించదు, దాని చోటు మారుస్తుంది. ఆస్కార్ గెలుచుకున్న పాట మధ్యలో పిల్లలు పాడే హీబ్రూ పంక్తులు నిర్గమకాండం 15వ అధ్యాయంలోని విజయగీతం నుంచి తీసుకున్నవి. గ్రంథంలో ఆ గీతం ఫరో సైన్యం మునిగిపోయాక వస్తుంది. సినిమాలో అంతకుముందే, మూటాముల్లె సర్దుకుని జనం బయల్దేరేటప్పుడు వినిపిస్తుంది. అంటే పాడేది శత్రువు చచ్చినందుకు కాదు, సంకెళ్లు తెగినందుకు. యూదులు కూడా పస్కా భోజనంలో ఒక్కో తెగులు పేరు చెబుతూ ద్రాక్షారసం ఒక్కో చుక్క తీసేస్తారు. ఐగుప్తీయుల బాధ గుర్తొచ్చినప్పుడు తమ పాత్ర నిండుగా ఉండకూడదన్నది అందుకు చెప్పే ఒక అర్థం.

క్రైస్తవుడికి ఈ కథ అక్కడితో ఆగదు. పస్కా గొర్రెపిల్ల రక్తం ద్వారబంధాల మీద కనిపించినప్పుడు అతడికి సిలువ గుర్తుకొస్తుంది. ఐగుప్తులో పరాయివాళ్ల జ్యేష్ఠులు చనిపోయారు, కల్వరిలో దేవుడు తన కుమారుణ్నే ఇచ్చాడన్నది అతడి విశ్వాసం. అయినా పసివాడి ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు. ఆ పిల్లాడి చావు పట్ల దేవుడు ఉదాసీనంగా లేడని చెప్పే ధైర్యాన్ని మాత్రం ఇస్తుంది.

మత్తయి సువార్తలో మరో రాజు పసివాళ్లను చంపిస్తాడు. అప్పుడు మరియ, యోసేపు బిడ్డను ఎత్తుకుని పారిపోయింది ఎక్కడికో కాదు, ఆ ఐగుప్తుకే. ఒకనాటి శత్రుదేశమే ఆశ్రయమిచ్చింది. తనను ఎప్పుడూ ఇశ్రాయేలు పక్షానే ఊహించుకునే విశ్వాసి గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. గెలిచిన రాత్రి మోషే ఎందుకేడ్చాడని పిల్లలు అడిగితే, రిమోట్ అందుకుని టీవీ కట్టేయడం కన్నా వాళ్లతో కాసేపు కూర్చోవడం మంచిది.