చెట్టులో పిట్ట

జూన్ 4
పై వాటాలో ఉండే నర్సమ్మాయి ఇంగ్లండ్ ఉద్యోగానికని ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతోంది. సాయంత్రం పుస్తకం పట్టుకుని దిగింది. "మాస్టారూ, కారుకి ‘ఇన్ ది కార్’ అట, బస్సుకేమో ‘ఆన్ ది బస్’ అట. ఆన్ అంటే మీద కదా, టాపెక్కి కూర్చున్నట్టు లేదూ?" టాపెక్కి తిరిగిన తరం మాది, నవ్వొచ్చింది. లేచి నడవగలిగే బండికి ఆన్, ఒంగి దూరి కూర్చునేదానికి ఇన్ అన్నాను. బస్సు, రైలు, విమానం ఒక జట్టు. కారు, ఆటో ఒక జట్టు. "మరి సైకిలు?" అంది. ఆన్. నా సూత్రం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు.

జూన్ 6
మన ‘లో’ ఒక్కటే ఎంత చాకిరీ చేస్తోంది! ఎండలో, కోపంలో, ఫోన్లో, టీవీలో. ఇంగ్లీషువాడికి ఎండయితే ఇన్, ఫోనూ టీవీ అయితే ఆన్. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని షష్ఠిలో కలిపి వల్లించాం. లోపల ఉండటానికీ యొక్కకీ ఏం చుట్టరికమని అడిగినవాడు లేడు. అడిగితే బెత్తం.

జూన్ 9
చెట్టు మీద కాయ, చెట్టు మీద పిట్ట. మనకి రెండూ మీదే. వాళ్లకి కాయ ఆన్ ది ట్రీ, పిట్ట ఇన్ ది ట్రీ. పెరట్లో జామచెట్టు కింద నిలబడి చూశాను. కాయలు కనపడుతున్నాయి. చిలక అరుపే తప్ప చిలక కనపడలేదు.

జూన్ 13
ఇవాళ ఆసుపత్రి. ‘ఇన్ హాస్పిటల్’ అంటే రోగి. నర్సయినా, పళ్లు పట్టుకుని చూడ్డానికి వెళ్లినవాళ్లయినా ‘ఎట్ ది హాస్పిటల్’. బడి, జైలు, చర్చి, మంచం కూడా ఇంతే. అది దేనికోసం ఉందో ఆ పనికే వెళితే ‘ది’ ఉండదు. పిల్లాడు ‘టు స్కూల్’, ఫీజు కట్టబోయిన తండ్రి ‘టు ది స్కూల్’. "అంటే మంచమెక్కినవాడికి ‘ది’ అక్కర్లేదన్నమాట" అంది. నేను చదివిన ఏ గ్రామరు పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

రాత్రి డాలస్ నుంచి మావాడి ఫోన్. "ఇక్కడ రోగి కూడా ఇన్ ది హాస్పిటలే నాన్నా." అమెరికావాళ్లు బడికి వదిలిన ‘ది’ని ఆసుపత్రికి వదల్లేదు. ఎందుకంటే ఏం చెప్తాం, అలవాటు. అమ్మాయి వెళ్లేది ఇంగ్లండే, బతికిపోయాను.

జూన్ 17
ఏ, యాన్. ఏది ఎక్కడో తేలక తల పట్టుకుంది. తెలుగులో రాసుకోమన్నాను. అవర్, ఎమ్మెల్యే, ఎక్స్‌రే: అచ్చుతో మొదలయ్యాయి, యాన్. యూనివర్సిటీ, యూరోపియన్, వన్‌వే: హల్లు, ఏ. ఇంగ్లీషు స్పెల్లింగు దాచిపెట్టేది మన లిపి బయటపెడుతుంది. ముప్ఫయ్యేళ్లు పాఠం చెప్పినా ఈ ముక్క నాకు ఇవాళే తట్టింది.

జూన్ 22
పరీక్ష రాసొచ్చింది. ఎలా రాశావంటే, "‘ది’లు కాస్త ఎక్కువ పడ్డాయేమో మాస్టారూ" అంది. పొద్దున బస్సు దొరక్క ఆటోలో వెళ్లిందట.

ఇన్ యాన్ ఆటో.