చీమల ఆమ్లం, వాము పువ్వు

కొన్ని రకాల చీమలు కుడితే చురుక్కుమనిపించే ఫార్మిక్ ఆమ్లం, వంటింటి వెనిగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం గాలిలోనూ ఉంటాయంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. ఉంటాయి. వంద కోట్ల గాలి అణువులకు ఒకటో రెండో, నడిసముద్రం మీదయితే ఇంకా తక్కువ. కానీ ఫ్యాక్టరీలకు దూరంగా ఉన్న చోట్ల వానను పుల్లబరిచే వాటిలో ఇవే ముఖ్యమైనవి. ఉత్తర ఆస్ట్రేలియాలోని క్యాథరీన్‌లో 1980లలోనే ఈ సంగతి బయటపడింది.

అండమాన్‌కు దీంతో పనేమిటి? అక్కడ 80 శాతానికి పైగా నేల అడవే. చెట్లు వదిలే ఐసోప్రీన్ ఎండకు రూపు మారి ఫార్మిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. చలికాలంలో ఈశాన్య గాలి ఖండం మీది పొగను మోసుకొస్తుంది. బ్యారెన్ దీవి అగ్నిపర్వతం రాజుకున్నప్పుడల్లా తన వంతు గంధకం కలుపుతుంది. మరి పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) వాన పుల్లబడితే నేరం అడవిదా, మనిషిదా?

వాననీటి రసాయన పరీక్షకు వాతావరణ శాఖ ఎంచుకున్న పది కేంద్రాల్లో విశాఖపట్నంతో పాటు పోర్ట్ బ్లెయిర్ కూడా ఉంది. అయితే నేల మీద పట్టిన వాన, మేఘం దాకా జరిగిన కథంతా చెప్పలేదు. దానికి విమానం ఎక్కాల్సిందే. 2006 మార్చి-మే నెలల్లో ఇస్రో తలపెట్టిన 'ఐకార్బ్' యాత్రలో హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ విమానం బంగాళాఖాతం మీద ఎగిరింది, సాగర్ కన్య నౌక కింద తిరిగింది, పోర్ట్ బ్లెయిర్‌లో పరికరాలు పనిచేశాయి. ప్రధానంగా గురి మసి, ధూళికణాల మీద. నేల నుంచి తెలియని పొరలు పైన కనిపించాయి.

ఆమ్లాల వేట ఇంకా మొండిది. ఫార్మిక్ ఆమ్లం గాలి పీల్చే గొట్టం గోడలకే అంటుకుపోతుంది. ఆ పొర దాటాక తీరిగ్గా ఊడి వచ్చి లెక్క చెడగొడుతుంది. అందుకే టెఫ్లాన్ గొట్టాన్ని వేడి చేస్తారు, మధ్యమధ్య శుద్ధమైన గాలి పంపి సున్నా సరిచూస్తారు. అయొడైడ్ అయాన్లను అంటించి అణువులను లెక్కపెట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ సెకన్లలో జవాబిస్తుంది. అయినా లెక్క ఒక పట్టాన తేలలేదు. ప్రపంచంలో ఏటా 10 నుంచి 12 కోట్ల టన్నుల ఫార్మిక్ ఆమ్లం పుడుతోందని, అందులో సింహభాగం అడవులదేనని 2012లో ఉపగ్రహ అధ్యయనం చెప్పింది. అది అంతవరకూ తెలిసినదానికి రెండు మూడు రెట్లు. మేఘబిందువుల్లో ఫార్మాల్డిహైడ్ నీటితో కలవడం వల్లనూ పుడుతుందని 2021లో తేలింది.

మళ్లీ సీసా దగ్గరికొస్తే, వాననీటిలోని సూక్ష్మజీవులకు ఈ ఆమ్లాలు మంచి తిండి. దూరంలోని ల్యాబ్ చేరేలోగా తినేస్తాయి. పుల్లటి వాన చప్పబడుతుంది. విరుగుడు థైమాల్, అంటే మన పచారీ కొట్టు వాము పువ్వు. వాన పట్టగానే నాలుగు పలుకులు వేస్తే చాలు.